కరుణకు పూచీకత్తు

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దానికి చెందిన చైనా తత్త్వవేత్త మెన్షియస్, చైనీయులు మెంగ్ జీ అని పిలుచుకునే ఆచార్యుడు, సంపదకూ దయకూ ఉన్న సంబంధం గురించి ఈనాటి పాఠకుడు ఊహించని అభిప్రాయం వెలిబుచ్చాడు. పొద్దుగూకాక ఎవరైనా వచ్చి తలుపు తట్టి కాసిని నీళ్లో, పొయ్యి రాజేసుకోవడానికి నిప్పో అడిగితే లేదనేవాళ్లు ఉండరనీ, అవి ప్రతి ఇంట్లోనూ కావలసినంత ఉండటమే అందుకు కారణమనీ, తిండిగింజలు కూడా అంతే సమృద్ధిగా దొరికేలా పాలకుడు చూడగలిగితే జనంలో దయలేనివాడు ఎలా పుడతాడనీ ఆయన వాదించాడు. స్థిరమైన జీవనాధారం లేని సామాన్యుడికి స్థిరమైన మనసు కూడా నిలవదని ఆయనే మరోచోట చెబుతాడు. తన రాజ్యానికి ఏం లాభం తెచ్చావని లియాంగ్ రాజు హుయ్ అడిగినప్పుడు, లాభం ఊసు ఎందుకని ఆ రాజును మందలించడంతోనే ఆయన పేరిట ఉన్న గ్రంథం మొదలవుతుంది. ఈ మాటలన్నీ కలిపి చదివితే ఆయన శంకించింది సంపదను కాదనీ, మనుషుల మధ్య సంబంధాలన్నింటినీ లాభనష్టాల లెక్కలోకి దించడాన్ననీ అర్థమవుతుంది. డబ్బు పెరిగితే దయ తరుగుతుందన్న మాట ఈ రోజుల్లో ఏ దేశంలోనైనా సామెతలా చలామణీ అవుతున్నప్పటికీ, ఆ మాటకు చైనా సంప్రదాయంలోని ఈ పెద్దమనిషి మాత్రం సాక్ష్యం చెప్పడు.

ఆయన కోరుకున్న సమృద్ధి ఇరవైమూడు శతాబ్దాల తరువాత, ఒకే తరం కళ్లెదుట, చైనాకు వచ్చింది. 1978 చివరలో డెంగ్ షియావోపింగ్ నాయకత్వంలో మొదలైన ఆర్థిక సంస్కరణలు ఉమ్మడి వ్యవసాయ క్షేత్రాలను కుటుంబాల సాగులోకి మార్చి, తీరప్రాంత నగరాలను విదేశీ పెట్టుబడికి తెరిచి, కొందరు ముందుగా ధనవంతులైనా ఫరవాలేదన్న సూత్రాన్ని ప్రభుత్వ విధానంగా నిలబెట్టాయి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం ఆ తరువాతి నాలుగు దశాబ్దాల్లో దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారు, 2019లో తలసరి ఆదాయం 10,000 డాలర్లు దాటింది. మానవ చరిత్రలో ఇంత పెద్ద జనసంఖ్య ఇంత తక్కువ కాలంలో ఆకలి నుంచి గట్టెక్కిన సందర్భం ఇంకొకటి లేదు. అయినా 2011 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని వెన్ జియాబావో, కల్తీ ఆహారపు ఘటనలను ప్రస్తావిస్తూ, దేశంలో నిజాయితీ కొరవడి నైతికత జారిపోతోందని బహిరంగంగా అంగీకరించవలసి వచ్చింది. ధాన్యం నీరూ నిప్పూ అంత సమృద్ధిగా దొరికిన రోజున మెన్షియస్ జోస్యం ఎందుకు ఫలించలేదన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

వెన్ మాట్లాడిన ఆరు నెలలకు, 2011 అక్టోబరు 13న, గువాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఫోషాన్ నగరంలో జరిగిన ఘటన ఈ ప్రశ్నను చైనాలో ప్రతి ఇంటికీ చేర్చింది. ఇనుప సామాన్ల దుకాణాలున్న ఒక ఇరుకు వీధిలో రెండేళ్ల పాపను ఒక వ్యాను ఢీకొట్టి వెళ్లిపోయింది, ఆ వెనుకే మరో వాహనం ఆమె మీదుగా నడిచింది. దాదాపు ఏడు నిమిషాల వ్యవధిలో పద్దెనిమిది మంది ఆమె పక్క నుంచి నడిచి, సైకిలు తొక్కి, తప్పుకుని వెళ్లడాన్ని నిఘా కెమెరా నమోదు చేసింది. చివరకు చెత్త కాగితాలూ పాత సామానూ ఏరుకుని బతికే ఒక స్త్రీ పాపను పక్కకు జరిపి తల్లిని పిలిచింది. ఎనిమిది రోజుల తరువాత పాప ఆస్పత్రిలో కన్నుమూసింది. ఏరుకుని బతికే ఆ మనిషిని దేశం మెచ్చుకుంది, బహుమతులు ఇచ్చింది, ఆ వెంటనే పేరు కోసం చేసిందన్న మాటలు కూడా ఆమె మీద పడ్డాయి. మెన్షియస్ చెప్పిన అతి ప్రసిద్ధమైన దృష్టాంతం బావి అంచుకు పాకుతున్న పసిబిడ్డది: ఆ దృశ్యం చూసిన ఎవరికైనా గుండె గతుక్కుమంటుందనీ, అది బిడ్డ తల్లిదండ్రుల మెప్పు కోసం కాదనీ, ఇరుగుపొరుగు పొగడ్త కోసం కాదనీ ఆయన అంటాడు. చదువుకున్న చైనీయులకు ఫోషాన్ వీధి ఆ బావిని గుర్తుకు తేకుండా ఉండదు. అయితే ఆ వాక్యంలో ఒక జాగ్రత్త ఉంది, దాన్ని తరచుగా ఎవరూ పట్టించుకోరు. గుండె గతుక్కుమనడం వరకే మెన్షియస్ హామీ ఇచ్చాడు, పరిగెత్తి బిడ్డను పట్టుకుంటారని చెప్పలేదు. ఆ గతుక్కుమనడాన్ని ఆయన మొలకగా మాత్రమే లెక్కించాడు, దాన్ని పెంచవలసిన బాధ్యత మనిషికీ రాజ్యానికీ వదిలిపెట్టాడు.

ఆ పద్దెనిమిది మందిలో ఎందరికి గుండె గతుక్కుమందో కెమెరా చెప్పలేదు. వాళ్లను రాక్షసులుగా తీసిపారెయ్యడం సులువే కాని, అలా చేస్తే తెలుసుకోవలసినది తెలియకుండా పోతుంది. పడిపోయిన వృద్ధులను లేపాలా వద్దా అన్నది అప్పటికే చైనాలో ఇళ్లలో, కార్యాలయాల్లో నలుగుతున్న చర్చ, ఆ చర్చకు మూలం నాలుగేళ్ల కిందటి ఒక న్యాయస్థానపు తీర్పు. 2006 నవంబరులో నాన్‌జింగ్ నగరంలో బస్సు స్టాపు దగ్గర ఒక వృద్ధురాలు కిందపడి ఎముక విరగ్గొట్టుకుంది; అప్పుడే బస్సు దిగిన ఒక యువకుడు ఆమెను లేపి, ఆస్పత్రికి తోడు వెళ్లి, ఖర్చుకు కొంత డబ్బు కూడా ఇచ్చాడు; ఆ తరువాత తనను పడగొట్టింది అతనేనని ఆమె దావా వేసింది. 2007 సెప్టెంబరులో జిల్లా న్యాయస్థానం అతను 45,876 యువాన్లు, అంటే ఆమెకు కలిగిన నష్టంలో 40 శాతం, చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రజలను కలవరపెట్టింది ఆ మొత్తం కన్నా తీర్పులోని తర్కం. ఢీకొట్టినట్టు గట్టి సాక్ష్యం లేని ఆ కేసులో న్యాయమూర్తి నిత్యజీవిత అనుభవాన్ని ఆధారం చేసుకున్నాడు. నిజంగా మేలు చేయదలచినవాడు పడగొట్టినవాణ్ని పట్టుకోవడానికి ప్రయత్నించేవాడనీ, వృద్ధురాలి బంధువులు వచ్చాక విషయం చెప్పి తన దారిన తాను పోయేవాడనీ, ఏ సంబంధమూ లేనివాడు డబ్బు ఇవ్వడం సహజం కాదనీ ఆయన భావించాడు. వాదిస్తున్నవాడే రుజువు చూపాలన్న సాక్ష్యభారపు నియమం ఇక్కడ తలకిందులై, సాయం చేయడమే నేరానికి రుజువుగా నిలబడింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని తెలుగువారు నిట్టూర్చి ఊరుకునే విషయానికి అక్కడ న్యాయస్థానం ముద్ర పడింది.

ఈ కథకు తరువాయి కూడా ఉంది. పై న్యాయస్థానంలో తీర్పు రాకముందే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, రాజీ షరతులను గోప్యంగా ఉంచారు. ఆ యువకుడు నిజంగానే ఆమెను తాకినట్టు ఒప్పుకున్నాడని 2012 జనవరిలో నాన్‌జింగ్ అధికారి ఒకరు వెల్లడించారు. అంటే తీర్పు ఫలితం బహుశా సరైనదే కావచ్చు, దాని హేతువు మాత్రం దేశాన్ని పట్టి పీడించింది. ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిన నిజాన్ని ఎవరూ వినిపించుకోలేదు. 2014 వసంతోత్సవం రాత్రి కోట్లమంది చూసే ప్రభుత్వ టెలివిజన్ కార్యక్రమంలో, పడిపోయిన ముసలామెను లేపాలా వద్దా అన్నదే ఒక హాస్య నాటికకు వస్తువైంది. ఆ రాత్రి దేశమంతా నవ్వింది అంటే, ఆ భయం ఎంత మామూలు భయంగా మారిపోయిందో ఊహించవచ్చు. అంతకుముందు, ఫోషాన్ ఘటనకు ఒక నెల ముందు, ఆరోగ్య మంత్రిత్వ శాఖ పడిపోయిన వృద్ధుల విషయంలో పాటించవలసిన సూచనలు విడుదల చేసి, తొందరపడి లేపవద్దనీ ముందు పరిస్థితిని గమనించాలనీ చెప్పింది. వైద్యపరంగా అది సరైన సలహాయే, విరిగిన ఎముకను కదిలిస్తే ప్రమాదం పెరుగుతుంది. జనం మాత్రం దాన్ని ఇంకోలా చదువుకున్నారు.

లేపినవాళ్ల మీద దావా వేసే వృద్ధులు ఎవరన్న ప్రశ్న ఈ చర్చలో చాలా కాలం వినబడలేదు. మానవశాస్త్రవేత్త యాన్ యున్‌షియాంగ్ సాయం చేసినవాళ్లనే బలవంతపెట్టి డబ్బు గుంజిన 26 ఘటనలను పరిశీలించి 2009లో ప్రచురించిన వ్యాసం ఇందుకు మినహాయింపు. ఆ ఘటనల్లో అలా నిందమోపినవాళ్లు ఎక్కువగా వయసు మళ్లినవాళ్లని ఆయన గమనించాడు. వాళ్లు పుట్టుకతో దుర్మార్గులు కారు. వాళ్లు బతికిన కాలం వాళ్ల కాళ్ల కింద నేలను రెండుసార్లు లాగేసింది. ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ ఉన్న రోజుల్లో పట్టణంలోని ఉద్యోగికి ఇల్లూ, వైద్యమూ, పిల్లల చదువూ, పింఛనూ అన్నీ అతను పనిచేసే సంస్థే చూసేది. ఆ సంస్థను డాన్‌వై అనేవారు. 1990ల చివరలో ప్రభుత్వ సంస్థల పునర్వ్యవస్థీకరణలో రెండు కోట్లకు పైగా ఉద్యోగులు పని కోల్పోవడంతో ఆ నీడ పోయింది. పల్లెల్లో సహకార వైద్య పథకం అంతకుముందే, 1980ల్లో ఉమ్మడి క్షేత్రాలతోపాటు, కూలిపోయింది. 2003 నాటి జాతీయ సర్వేలో గ్రామీణుల్లో దాదాపు 80 శాతానికి ఆరోగ్య బీమా అన్నదే లేదు, దేశంలో వైద్యం మీద పెట్టే మొత్తం ఖర్చులో సగానికి పైగా రోగుల సొంత జేబుల్లోంచే పోయేది. ముందుగా డబ్బు జమ చేస్తే తప్ప చేర్చుకోని ఆస్పత్రి గుమ్మంలో, విరిగిన ఎముకతో పడి ఉన్న వృద్ధురాలికి, పక్కన నిలబడ్డ దయగల అపరిచితుడు ఎలా కనిపించి ఉంటాడో అర్థం చేసుకోవడానికి గొప్ప మనస్తత్త్వశాస్త్రం అవసరం లేదు. బిల్లు కట్టగలిగినవాడు అక్కడ అతనొక్కడే.

కాబట్టి దయ తరిగిపోయిందన్న నిందను సంపద మీద మోపేముందు ఆ సంపద చేరని చోట్లను ముందుగా చూడవలసి ఉంటుంది. ఒక సమాజం మొత్తంగా ధనవంతమవుతున్న దశాబ్దాల్లోనే అందులోని ఒక భాగం మునుపటికన్నా అభద్రమవడం చైనా ప్రత్యేకత. ఆదాయ అసమానతను కొలిచే గినీ సూచీ, అందరికీ సమానంగా పంచితే సున్నా, ఒక్కడికే అంతా దక్కితే ఒకటి అని లెక్కించేది, 2008లో 0.491కి చేరిందని ఆ దేశపు గణాంక విభాగమే ప్రకటించింది. సమానత్వం పేరిట విప్లవం చేసిన దేశంలో ఈ అంకె ఎంతటి వింతో వేరే చెప్పనక్కరలేదు.

అభద్రత ఒక్కటే అయితే పేద దేశాలన్నింటిలోనూ ఇదే కనిపించాలి. చైనా విషయంలో రెండో పొర ఒకటుంది. 1940ల చివరలో సామాజిక శాస్త్రవేత్త ఫై షియావోతుంగ్ తన దేశపు గ్రామీణ సమాజాన్ని వర్ణిస్తూ, పాశ్చాత్య సమాజంలో మనుషులు కట్టలుగా కట్టిన పుల్లల్లా సమాన సభ్యులుగా ఉంటే, చైనాలో ప్రతి మనిషీ నీటిలో రాయి పడ్డచోటు నుంచి విస్తరించే అలల వంటి వలయాలకు కేంద్రంగా ఉంటాడనీ, కుటుంబం, వంశం, ఊరు, పరిచయస్తులు అన్న క్రమంలో బాధ్యత దూరమయ్యే కొద్దీ పలచబడుతుందనీ చెప్పాడు. ఆ లోపలి వలయాల్లో చైనీయుల ఔదార్యానికి ఏనాడూ లోటు లేదు. అలలు అందని చోట నిలబడినవాడే అపరిచితుడు, అతని పట్ల చెయ్యవలసిన విధి ఏదో ఆ సంప్రదాయం స్పష్టంగా నిర్దేశించలేదు. పల్లెలో జీవితాంతం అపరిచితుడు తారసపడని రోజుల్లో అది పెద్ద లోపం కాదు. 1978లో జనాభాలో 18 శాతం మాత్రమే పట్టణవాసులు, 2020 జనగణన నాటికి వాళ్లు దాదాపు 64 శాతమయ్యారు, సొంత ఊరికి దూరంగా బతుకుతున్న వలస జనం 37 కోట్లు దాటింది. హుకౌ అనే కుటుంబ నమోదు విధానం, 1958లో చట్టమై, పుట్టిన చోటుతో మనిషి హక్కులను ముడిపెట్టింది కాబట్టి, ఈ వలస జీవులకు తాము నివసించే నగరంలోని బడి, ఆస్పత్రి, పింఛను చాలా కాలం సొంతం కాలేదు. ఫోషాన్ వీధి అలాంటి చోటు. ఆ వీధిలో నడిచినవాళ్లలో ఎక్కువమంది ఒకరికొకరు ఏమీకానివాళ్లు, ఊరికి కూడా ఏమీకానివాళ్లు.

అపరిచితుడి పట్ల దయకు చైనా చరిత్రలో దారులే లేవని అనుకుంటే పొరపాటు. దారులు ఉండేవి, వాటిలో చాలావాటిని వేసింది వ్యాపారుల సంపదే. తాంగ్ వంశపు కాలంలో, ఏడు నుంచి తొమ్మిదో శతాబ్దం వరకు, బౌద్ధ విహారాలు పేదరోగులకు ఆశ్రయశాలలు నడిపాయి, దిక్కులేనివాడికి చేసిన సేవను పుణ్యం పండే పొలంగా ఆ ధర్మం భావించింది. ఈ బౌద్ధ కరుణ చైనాకు చేరిన దారుల్లో కృష్ణాతీరం కూడా ఉంది. ఆంధ్రదేశంతో ముడిపడిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే లేఖ, సుహృల్లేఖ, సంతృప్తినే అన్నింటికన్నా పెద్ద ధనంగా ఎంచిన ఆ చిన్న గ్రంథం, చైనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్‌తో సహా ముగ్గురి చేత మూడు వేర్వేరు కాలాల్లో చైనా భాషలోకి అనువాదమైంది. తాంగ్ తరువాత వచ్చిన సుంగ్ వంశపు రాజులు ఆశ్రయశాలలను ప్రభుత్వ బాధ్యతగా తీసుకున్నారు. పదకొండో శతాబ్దంలో సుజౌలో మంత్రి ఫాన్ జోంగ్యాన్ తన వంశంలోని పేదల కోసం భూములు కొని ధర్మనిధి ఏర్పాటు చేశాడు, అది వంశపు వలయం దాటని దయే అయినా వందల ఏళ్లు నిలిచింది.

అసలు గమనించవలసింది మింగ్ వంశపు చివరి రోజులను. పదహారో శతాబ్దంలో జపాను నుంచీ, స్పెయిన్ పాలనలోని అమెరికా గనుల నుంచీ వెండి ప్రవాహంలా వచ్చి, పట్టు, పింగాణీ వ్యాపారాలు పెరిగి, కొత్త ధనికులు విలాసాల్లో పాత కులీనులను మించిపోతుంటే, లోకం పాడైపోయిందని పండితులు ఆనాడు కూడా ఈనాటి మాటల్లోనే వాపోయారు. ఇరవై ఒకటో శతాబ్దపు ఫిర్యాదులను వాటి పక్కన పెడితే తేదీలు మార్చుకున్నా తేడా తెలియదు. కాని సరిగ్గా ఆ కాలంలోనే ధర్మసమాజాలు పుట్టాయి. 1590లో హెనాన్‌లో యాంగ్ దోంగ్‌మింగ్, 1614లో ఊషీలో గావో పాన్‌లోంగ్ వంటివాళ్లు, ఒకే వంశానికి చెందని, కొన్నిచోట్ల పండితులనూ వర్తకులనూ పక్కపక్కన కూర్చోబెట్టిన సభలు ఏర్పరిచి, క్రమం తప్పకుండా చందాలు వసూలు చేసి, ముసలివాళ్లకు తిండి, శవాలకు పెట్టె, పారేసిన శిశువులకు పాలదాది ఏర్పాటు చేశారు. తరువాతి చింగ్ వంశపు కాలంలో ఇటువంటి ధర్మశాలలు దేశమంతా వ్యాపించాయి. ధనం ఉప్పెనలా వచ్చిన కాలం, అపరిచితుడి కోసం సంస్థలు పుట్టిన కాలం ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. ఆ ధనికుల్లో పాపభీతి ఉంది, పేరు మీద ఆశ ఉంది, పక్కవాడు చందా ఇస్తే తానూ ఇవ్వక తప్పని మొహమాటం ఉంది. దయకు ఇవి చౌకబారు ముడిసరుకులే, కాని అనాథ శిశువుకు పాలు అందాయి.

ఈ సంస్థలు 1949 విప్లవం తరువాత కొన్నేళ్లలో రద్దయ్యాయి లేదా ప్రభుత్వ విభాగాల్లో కలిసిపోయాయి. సోషలిస్టు రాజ్యంలో పేదవాడికి దానం అవసరం ఉండదన్న సిద్ధాంతం అందుకు కారణం. గుడి మూతపడింది, వంశపు ధర్మభూమి పంపకమైంది, వర్తక సంఘం పోయింది. వాటి స్థానంలో ఆదర్శ పౌరుడి బొమ్మ వచ్చింది. 1962లో ఇరవై ఒక్కేళ్ల వయసులో ప్రమాదంలో మరణించిన లే ఫెంగ్ అనే సైనికుణ్ని అనుసరించాలని 1963 మార్చి 5న మావో పేరిట పిలుపు వెలువడింది, ఇప్పటికీ ఏటా ఆ రోజున బడిపిల్లలు వీధులు ఊడ్చి వృద్ధులకు సాయపడతారు. ఆ ఆదర్శం చూపిన దయ మాత్రం సరిహద్దులున్న దయ: సహచరుడికి వెచ్చదనం, వర్గశత్రువుకు చలికాలం. మూడేళ్లకే మొదలైన సాంస్కృతిక విప్లవంలో, 1966 నుంచి 1976 వరకు, విద్యార్థులు గురువులను వీధుల్లో అవమానించారు, పిల్లలు తల్లిదండ్రుల మీద ఫిర్యాదులు చేశారు, నింద పడినవాడి పట్ల జాలి చూపించడం కూడా నేరమైంది. దెబ్బలు తింటున్న మనిషిని చూసి తల తిప్పుకుని నడవడం ఆ తరం నేర్చుకున్న బతుకు విద్య. పట్టణ చౌరస్తాలో ఒక మనిషి పడితే తప్పుకుని వెళ్లే పని చైనీయులకు నేర్పింది మార్కెట్టు ఒక్కటే అని వాదించేవాళ్లు ఈ పదేళ్లను లెక్కలోంచి తీసేస్తున్నారు. ఇక్కడ ఈ రచన తీర్పు స్పష్టం: సంపద వచ్చేసరికే దయ నడిచే దారులు తవ్విపోసి ఉన్నాయి.

ఇంత చెప్పాక సంపదను నిర్దోషిగా విడిచిపెట్టడం కూడా న్యాయం కాదు. 2008 నాటి పాలపొడి ఉదంతం దానికి వ్యతిరేకంగా గట్టి సాక్ష్యం చెబుతుంది. పాలు సేకరించే దళారులు నీళ్లు కలిపి, నీళ్ల పాలు నాణ్యత పరీక్షలో తేలిపోకుండా మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనాన్ని కలిపారు. మాంసకృత్తులను నేరుగా కాక వాటిలోని నత్రజనిని బట్టి కొలిచే పరీక్షను ఆ రసాయనం సులువుగా మోసం చేస్తుంది. హెబేలోని సాన్‌లూ సంస్థ పాలపొడితో మొదలై మరికొన్ని సంస్థలకూ పాకిన ఈ కల్తీ వల్ల దాదాపు మూడు లక్షల మంది పసిపిల్లలు మూత్రపిండాల్లో రాళ్లతో జబ్బుపడ్డారు, ఆరుగురు మరణించినట్టు ప్రభుత్వం ఒప్పుకుంది. తన ఇంటి పాపకు ఆ పాలు పట్టని దళారి, ముఖం తెలియని లక్షల పాపలకు పట్టడానికి వెనుకాడలేదు. ఫై షియావోతుంగ్ గీసిన వలయాల మీద మార్కెట్టు వేగాన్ని ఎక్కిస్తే వచ్చే ఫలితం ఇది: దయ పొరుగింటి దగ్గరే ఆగిపోయింది, సరుకు దేశం చివరి దాకా వెళ్లింది. పట్టుబడినవాళ్లలో ఇద్దరికి 2009లో మరణశిక్ష అమలు చేశారు. శిక్ష కఠినంగా ఉంటే సరిపోతుందని నమ్మే పాలకులకు అది చాలు అనిపించి ఉండవచ్చు. విదేశీ పాలపొడి డబ్బాల కోసం హాంకాంగ్ దుకాణాల ముందు బారులు తీరిన తల్లిదండ్రులకు అది చాలలేదు.

అంకెలతో దయను తూచే ప్రయత్నాలు కూడా ఈ విషయంలో వింత ఫలితాలే ఇచ్చాయి. దానం, స్వచ్ఛంద సేవ, అపరిచితుడికి సాయం అన్న మూడింటిని బట్టి దేశాలకు స్థానాలిచ్చే ప్రపంచ దాతృత్వ సూచీలో 2016లో చైనా 140 దేశాల్లో చిట్టచివర నిలిచింది. మొదటి స్థానం దాని పొరుగున ఉన్న, దానికన్నా ఎంతో పేదదైన మయన్మార్‌ది, అక్కడ భిక్షువులకు రోజూ అన్నం పెట్టే బౌద్ధ ఆచారం ఇంకా జీవించి ఉంది. ధనమే దయకు శత్రువని వాదించేవాళ్లకు ఈ పోలిక ఎంత ఇష్టమైనదో, ఆచారమూ సంస్థా ఉన్నచోటే దయ నిలుస్తుందనేవాళ్లకూ అంతే ఇష్టమైనది. 2019లో ప్రచురితమైన మరో ప్రయోగంలో పరిశోధకులు 40 దేశాల్లో 17,000కు పైగా పర్సులను పోగొట్టుకున్నట్టుగా బ్యాంకులు, హోటళ్లు వంటి చోట్ల అప్పగించి, ఎవరు ఈమెయిలు పంపి తిరిగి ఇస్తారో చూశారు. చైనా అక్కడ కూడా అట్టడుగున ఉంది. తరువాత చైనా పరిశోధకులు అదే ప్రయోగాన్ని సొంత దేశంలో మళ్లీ జరిపి, ఈమెయిలు పంపడమన్న అలవాటు తక్కువగా ఉన్నచోట దాన్నే నిజాయితీకి కొలబద్ద చేయడం తప్పని చూపించారు. పర్సును జాగ్రత్తగా దాచి, యజమాని వస్తే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలా ఎక్కువమంది అని వాళ్లు కనుగొన్నారు. మనిషి మంచితనాన్ని ఉత్తరాల లెక్కతో కొలిచే పరిశోధనల మీద కొంత అపనమ్మకం ఉంచుకోవడం ఆరోగ్యకరం.

అంకెల కన్నా 2008 మే 12 ఎక్కువ చెబుతుంది. సిచువాన్ రాష్ట్రంలోని వెన్‌చువాన్ భూకంపంలో చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిపి దాదాపు 87,000 మంది. ఆ రోజుల్లో దేశం నలుమూలల నుంచి లక్షలాది మంది సొంత కార్లలో, అద్దె బస్సుల్లో, ఎవరూ పిలవకుండానే, శిథిలాల దగ్గరకు వెళ్లారు, నెత్తురు ఇవ్వడానికి నగరాల్లో బారులు తీరారు. పాలపొడి కల్తీ బయటపడింది అదే సంవత్సరంలో, నాన్‌జింగ్ తీర్పు వచ్చి భూకంపం నాటికి ఏడాది కూడా కాలేదు. ఒకే దేశం, ఒకే తరం, ఒకే ఏడాది. భూకంప బాధితుణ్ని లేపితే అతను దావా వెయ్యడన్నది ఇక్కడి తేడా. ఎవరు పడగొట్టారన్న ప్రశ్న అక్కడ పుట్టదు, దయ చూపినవాడి మీద అనుమానం వాలదు. మూడేళ్ల తరువాత 2011లో, రెడ్‌క్రాస్‌తో సంబంధం ఉన్నట్టు చెప్పుకున్న ఒక యువతి ఖరీదైన కార్ల, సంచుల ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టడంతో, ఆమెతో తమకు సంబంధం లేదని ఆ సంస్థ ఎంత చెప్పినా, దానికి వచ్చే విరాళాలు పడిపోయాయి. 2020 ఆరంభంలో ఊహాన్ నగరం మూతపడి బస్సులు ఆగిపోయినప్పుడు, నర్సులను ఆస్పత్రులకు సొంత కార్లలో చేరవేసినవాళ్లు మామూలు పౌరులు. దేశమంతా పంపిన మాస్కులు స్థానిక రెడ్‌క్రాస్ గోదాముల్లో ఆగిపోయాయన్న ఆగ్రహం కూడా అప్పటిదే. చైనాలో మనిషి దయను నమ్మవచ్చు, దాన్ని చేరవేసే పెద్ద సంస్థను నమ్మడం కష్టం అన్న భావన ఈ ఘటనలన్నింటి వెనుకా ఉంది. ప్రభుత్వం అదుపులో లేని ధర్మసంస్థ స్వేచ్ఛగా పెరిగే అవకాశం తక్కువ కావడం అందుకు ముఖ్య కారణం. 2016లో వచ్చిన దాతృత్వ చట్టం నమోదును కొంత సులభం చేసినా, అనుమతి తాళంచెవి అధికారుల దగ్గరే ఉంది.

తియాన్‌జిన్‌లో రిక్షా తొక్కిన బై ఫాంగ్‌లీ అనే వృద్ధుణ్ని చైనా పత్రికలు తరచు తలచుకుంటాయి. డెబ్బై దాటాక, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, మళ్లీ రిక్షా పట్టి పేద విద్యార్థుల చదువుకు ఆయన 3,50,000 యువాన్లు ఇచ్చాడు, 2005లో మరణించాడు. ఆయన కథను ధనికులను సిగ్గుపరచడానికి వాడుకోవడం మామూలైపోయింది. ఆ వాడుకలో ఒక అన్యాయం ఉంది, ఎందుకంటే పిల్లల బడి ఫీజుకు ముసలివాడు రిక్షా తొక్కవలసి రావడం ఆయన గొప్పతనంతోపాటు రాజ్యం వైఫల్యాన్ని కూడా చెబుతుంది.

చట్టం తన వంతు పని ఆలస్యంగా మొదలుపెట్టింది. 2013 ఆగస్టు 1 నుంచి షెన్‌జెన్ నగరం, సాయం చేసినవాడే తప్పు చేశాడని ఆరోపించేవాడు రుజువు కూడా చూపాలన్న నిబంధన తెచ్చింది. 2017 అక్టోబరులో జాతీయ పౌర చట్టంలోకి వచ్చి, 2021 జనవరి 1 నుంచి అమలైన పౌరస్మృతిలో 184వ నిబంధనగా స్థిరపడిన నియమం ప్రకారం, ఆపదలో ఉన్నవాడికి స్వచ్ఛందంగా సాయపడుతూ అతనికి హాని కలిగించినవాడి మీద నష్టపరిహార బాధ్యత ఉండదు. అంతకన్నా తక్కువ మంది చెప్పుకున్న మార్పు బీమాది: 2003లో మొదలైన గ్రామీణ వైద్య పథకం ఎనిమిదేళ్లలో పల్లెల్లో దాదాపు అందరికీ చేరింది, బిల్లులో కొంత భాగమైనా కట్టే చేయి ఒకటి ఏర్పడింది. పడిపోయినవాళ్లను లేపే చేతులు చైనాలో మళ్లీ పెరిగితే, అందులో నీతిబోధల వాటా కన్నా ఈ రెండో మార్పు వాటాయే పెద్దదై ఉంటుంది.

ఈ చరిత్రను దూరదేశపు నైతిక పతనంగా చదివే తెలుగు పాఠకుడు ఒక తేదీని పక్కన రాసుకోవాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ని ఆస్పత్రికి చేర్చినవాణ్ని పోలీసులూ న్యాయస్థానాలూ వేధించకూడదన్న మార్గదర్శకాలకు భారత సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదముద్ర వేసింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. సాయం చేసినవాడు నేరస్థుడు కాడన్న మాటను ఆసియాలోని రెండు అతిపెద్ద దేశాలు ఒకే దశాబ్దంలో చట్టపుస్తకాల్లోకి ఎక్కించవలసి వచ్చింది.